బోర్లించిన బ్యాడ్జీ

మనిషి ముఖాన్ని జానెడు దూరం నుంచి చూడటం నా ఉద్యోగం. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. కంటిపాపల మధ్య దూరం కొలుస్తాను. ఫ్రేము ముక్కు మీద ఎక్కడ ఆనుతోందో, చెవి వెనక ఎక్కడ ఒరుసుకుంటోందో చూస్తాను. ఒక కన్ను రెండోదానికంటే కాస్త కిందికి ఉందని చాలామందికి తమ గురించి తెలియదు. నాకు తెలిసిపోతుంది. చెప్పను. రోజంతా ఇన్ని ముఖాలు చూశాక, షట్టరు దించబోతూ అద్దంలో నా ముఖం చూసుకుని, ఇందులో ఆమెది ఎంత అని ఆలోచిస్తాను. ఆమె అంటే మా అమ్మ. ఆమె ముఖం నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం నా ఎదుట కుర్చీలో కూర్చున్న పెద్దాయన బస్సు డ్రైవరు. రిటైరయ్యాక స్కూలు బస్సు నడుపుతున్నాడట.

"దూరం దివ్యంగా కనపడుతుందమ్మా. ఎదురొచ్చే లారీ నంబరు చదివేస్తాను. మందుసీసా మీది రాతే చీమల బారులా కదిలిపోతోంది."

"ఈ వయసులో అందరికీ అంతేనండీ."

"మా ఆవిడకి లేదే! నా జేబులో చీటీ ఉంటే చొక్కా విప్పకుండానే చదివేస్తుంది."

నవ్వుతూ స్కేలు పట్టుకుని ముందుకి వంగాను. ఆయన చొక్కా జేబు మీద ఒక గుండ్రటి బ్యాడ్జీ ఉంది. నీలం రంగు, మధ్యలో తెల్లటి చక్రం, అంచు వెంట 'చక్రం ఆగింది' అన్న అక్షరాలు. నీలం వెలిసి బూడిదరంగుకి తిరిగింది. దాన్ని గుర్తుపట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. కానీ అలాంటివి ఇంతకుముందూ చూశాను కనుక కొలత మీదే దృష్టి పెట్టాను.

పరీక్ష కోసం ఇచ్చిన అద్దాలు పెట్టుకోబోయే ముందు ఆయన చూపుడువేలి గోటితో బ్యాడ్జీని రెండుసార్లు కొట్టాడు.

"అలవాటు. బండి స్టార్ట్ చేసే ముందు ఇలా కొట్టుకుంటాను. ఇది కొట్టకుండా ఏ పనీ మొదలుపెట్టను. నవ్వకు."

నేను నవ్వలేదు. ఆ చప్పుడు విన్నాను. మామూలు బ్యాడ్జీని గోటితో కొడితే సన్నగా మోగుతుంది. ఇది మోగలేదు. తలుపు అవతల ఎవరో మెత్తటి చెప్పులతో నడిచినట్టు 'టప్, టప్' అంది. నా చేతిలో స్కేలు ఆయన ముక్కు మీద అలాగే ఉండిపోయింది.

"ఏమ్మా, ముక్కు కూడా కొలవాలా?" అన్నాడు.

*

మా నాన్నది బ్యాడ్జీలు చేసే పని. ముందుగదిలో ఒక చేతిమర, వెనకగదిలో కాపురం. ఎన్నికలకీ, ఆటల జట్లకీ, సబ్బుల కంపెనీలకీ, బడి వార్షికోత్సవాలకీ, సమ్మెలకీ అన్నిటికీ చేసేవాడు. పని చిన్నది. రేకు బిళ్ళ మీద అచ్చుకాగితం, దాని మీద అద్దంలాంటి పలచని పొర పెట్టి మర పిడి ఒకసారి నొక్కితే పై సగం తయారు. వెనక రింగు పెట్టి మళ్ళీ నొక్కితే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. పిన్ను గుచ్చితే బ్యాడ్జీ.

ఎవరైనా కుర్చీలో కూర్చుని తీరిగ్గా వింటారనిపిస్తే నాన్న దాని చరిత్ర ఎత్తుకునేవాడు. పూర్వం ఫలానావాడి పక్షాన ఉన్నానని చెప్పాలంటే రిబ్బను ముక్కో, ఇత్తడి బిళ్ళో కట్టుకోవాల్సి వచ్చేదట. వందేళ్ళకి పైబడిన మాట, సెల్యులాయిడ్ పొర వచ్చాక కాగితాన్నే గుండె మీద పెట్టుకోవడం కుదిరిందట. వానకి తడవదు, చెమటకి చెరగదు. దాంతో నాయకుల ముఖాలు ఎక్కాయి, తర్వాత సబ్బులు ఎక్కాయి, చివరికి పోయినవాళ్ళ ఫోటోలు ఎక్కాయి. "మనిషి నోరు తెరిచి చెప్పలేనిది రేకుతో చెప్పిస్తాడు. అందుకే ఎక్కడబడితే అక్కడ పెట్టుకోరు, ఎడమవైపే పెట్టుకుంటారు చూడు," అనేవాడు. వినేవాడు తల ఊపి, మా ఆర్డరు ఎప్పుడిస్తావయ్యా అనేవాడు.

మర కొని తెచ్చిన రోజున, అది సరిగ్గా నొక్కుతోందో లేదో చూడాలన్న తొందరలో నాన్న చేతికందిన కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి నొక్కాడు. ఆ కాగితం మా అమ్మ ఫోటో. పెళ్ళికి ముందు తీయించుకున్నది, ఆమెకున్న ఒకే ఒక్క ఫోటో. అమ్మ లబలబలాడిందట. పైగా కాగితం పక్కకి జరిగి, ముఖం ఒక వారకి ఒరిగిందట. "ఉన్న ఒక్క ముఖాన్నీ వంకరగా నొక్కావు కదయ్యా," అని వారం రోజులు దెప్పిందట. నాకు మాటలు రాకముందే ఆమె జ్వరంతో పోయింది. నాన్న ఆ బ్యాడ్జీని మర పక్కన మేకుకి తగిలించుకున్నాడు.

తర్వాత ఏడాది బస్సువాళ్ళ సమ్మె వచ్చింది. పెద్ద ఆర్డరు. సగంలో రేకు అయిపోయింది, బజారులోనూ దొరకలేదు. అలాంటప్పుడు ఈ పనివాళ్ళు చేసేది ఒకటే. తప్పుపోయిన, అంటే నొక్కడంలో చెడిపోయిన, బ్యాడ్జీల వెనక రింగు ఊడదీసి, పాత కాగితం తీయకుండానే దాని మీద కొత్త కాగితం పెట్టి నొక్కేస్తారు. మర కింద తప్పుపోయినవాటి పెట్టె ఉండేది. అందులో అన్నీ బోర్లా పడుకుని ఉంటాయి. నాన్న పెట్టిన పద్ధతి అది. ముఖం కనబడితే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, చెయ్యి ఆగితే వేగం పోతుంది అని.

ఆ రోజుల్లోనే పనిలో చేరిన ఒక అమ్మాయి ఆ చివరి పెట్టెడు బ్యాడ్జీలు నొక్కింది. చెప్పినట్టే చూడకుండా నొక్కింది. సాయంత్రం నాన్న తల ఎత్తేసరికి మేకు ఖాళీగా ఉంది. మర అదురుకి బ్యాడ్జీ జారి పెట్టెలో పడింది. పైగా, ముఖం ఒకవైపు ఒరిగి ఉంది కనుక, ఆ అమ్మాయి చూసినా తప్పుపోయినదనే అనుకుని ఉండేది. అప్పటికే బ్యాడ్జీలన్నీ సంచుల్లో బస్సు డిపోకి వెళ్ళిపోయాయి. మర్నాడు వందలమంది చొక్కాల మీద నీలి చక్రాలు. వాటిలో ఏదో ఒక దాని కింద మా అమ్మ.

ఆ అమ్మాయి తర్వాత మా పిన్ని అయింది. నాన్నని జాలితో చేసుకుందా, అపరాధభావంతో చేసుకుందా, ఇష్టపడే చేసుకుందా అని నేను చాలాకాలం లోలోపల విచారణ జరిపాను. ఇప్పుడు ఆ మూడింటినీ విడదీసి చూడాలన్న పట్టుదల లేదు. నా జీవితంలోనూ అవి విడివిడిగా ఎప్పుడూ రాలేదు.

సమ్మె ఓడిపోయింది. నాన్న నీలి చక్రాల వేటలో పడ్డాడు. పాతసామాన్ల బజార్లూ, బ్యాడ్జీలు పోగుచేసేవాళ్ళ కూటాలూ అన్నీ తిరిగాడు. వాళ్ళందరూ రకానికొకటి దాచుకుంటారు, ఈయన ఒకే రకం అడుగుతాడు. 'చక్రాలాయన' అని పేరు పెట్టారు. దొరికిన ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టేవాడు. మోగితే ఒకటే కాగితం, వదిలేసేవాడు. మోగకపోతే కింద ఇంకొకటి ఉన్నట్టు. విప్పేవాడు. విప్పితే ఆ బ్యాడ్జీ ఇక పనికిరాదు. కింద పళ్ళపొడి డబ్బా మీది అమ్మాయి ఉండేది, పాలకంపెనీ దూడ ఉండేది, ఎవరో మీసాల అభ్యర్థి ఉండేవాడు. అవన్నీ ఒక సొరుగులో పడేసేవాడు. నేను చిన్నప్పుడు ఆ సొరుగుతోనే ఆడుకున్నాను. పళ్ళపొడి అమ్మాయిని కొన్నాళ్ళు అమ్మ అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మా ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు. ఎవరూ ఏమీ అనరు. నాన్న బ్యాడ్జీ విప్పుతుంటే పిన్ని వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పేది. గిన్నెలేమీ లేకపోయినా నీళ్ళు పడుతూనే ఉండేవి.

*

కొత్త కళ్ళజోడు తీసుకోవడానికి డ్రైవరు మళ్ళీ వచ్చినప్పుడు, టీ తెప్పించి, ఇదంతా చెప్పాను. ఆయన బ్యాడ్జీ మీద అరచెయ్యి కప్పుకుని విన్నాడు.

"అంటే మీ అమ్మగారిని నేను ఇన్నేళ్ళూ మోస్తున్నానా?"

"మీరే అయి ఉండాలని లేదు. మోగనివి ఇంకా కొన్ని ఎక్కడో ఉన్నాయి. విప్పితేగాని తెలియదు."

"విప్పితే ఇది పోతుంది."

"మా పిన్ని చేస్తే పోకపోవచ్చు. కానీ మాట ఇవ్వలేను."

ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. "సమ్మె పోయిన మర్నాడు అందరూ దీన్ని డిపో గేటు దగ్గర పారేశారమ్మా. కాలు పెడితే కరకరమనేది. నేనూ తీయబోయాను, పిన్ను వంగి రాలేదు. రాకపోయేసరికి, సరే, ఉండనీ అనుకున్నాను. ఇన్‌స్పెక్టరు యూనిఫాం మీద వద్దన్నాడు. పిన్ను సరిచేసి జేబు మూత లోపలికి మార్చాను. గెలిచినవాళ్ళ పక్కన నిలబడటానికి చాలామంది ఉంటారు. ఓడిపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి అని చెప్పేది ఇదొక్కటే."

ఇక అడగకూడదనుకున్నాను. ఒకరి అమ్మ ముఖం కోసం మరొకరి బతుకు తొడుగు చింపమనడం ఏ న్యాయం? కానీ అడగనని నిర్ణయించుకున్న క్షణంలోనే నా లోపల ఒక పసిపిల్ల కాళ్ళు నేలకేసి కొట్టడం మొదలుపెట్టింది. ఇంత వయసొచ్చాక కూడా మనలో ఎవరెవరు ఎంతెంత వయసులో ఆగిపోయి ఉంటారో చెప్పలేం.

లేచి వెళ్ళబోతూ ఆయనే అన్నాడు: "ఆదివారం ఇంట్లో ఉంటారా? మీ పిన్నిగారి చెయ్యి స్థిరంగానే ఉందా? మా ఆవిడకి చూపు బాగున్నా చెయ్యి వణుకు, దారం ఎక్కిస్తుంటే సూది జారి ఇల్లంతా వెతుక్కోవాల్సి వస్తోంది."

*

నాన్నకి ఇప్పుడు చెవులు వినపడవు. ఆదివారం డ్రైవరు గుమ్మంలోకి రాగానే నాన్న ఆయన ముఖం చూడలేదు, జేబే చూశాడు. బ్యాడ్జీ చేతికివ్వగానే పళ్ళమధ్య పెట్టుకుని గోటితో కొట్టాడు. చెవులు పోయాక దవడ ఎముకతో వినడం నేర్చుకున్నాడు.

"అన్నగారూ, అది తినేది కాదు!" డ్రైవరు గాభరాపడ్డాడు.

"రెండున్నాయి," అన్నాడు నాన్న ఇల్లంతా అదిరేలా. "విప్పు."

"కాస్త నెమ్మదిగా అనండి, వీధివాళ్ళంతా వచ్చి విప్పుతారు," అంది పిన్ని. అంటూనే చేతులు తుడుచుకుని మర పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆమె కళ్ళజోడు నేనే సవరించాను. ఆమె కణతల దగ్గర చెమట పట్టి ఉంది. ఈసారి కుళాయి దగ్గరికి పారిపోవడానికి లేదు.

గడియారం స్ప్రింగు అరగదీసి చేసుకున్న సన్నటి రేకు ఒకటి ఉంది ఆమె దగ్గర. దాన్ని వెనక రింగు కిందికి దూర్చి, వెంట్రుకంత లేపి, బ్యాడ్జీని కొంచెం తిప్పి, మళ్ళీ వెంట్రుకంత లేపింది. అక్కడ నూనె వెయ్యకూడదు, నీటిచుక్క తగలకూడదు. తడి కాగితంలోకి పాకిందంటే బొమ్మ మరక అయిపోతుంది. అందుకని తన చెమట రాలకుండా తల వెనక్కి పెట్టి పనిచేస్తోంది. డ్రైవరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"అయ్యాక చెప్పండమ్మా. మా పిల్లకి ఇంజెక్షను చేయించినప్పుడు కూడా నేను ఇంతే."

రింగు ఊడింది. మడతపెట్టి ఉన్న అంచుని పిన్ని గోటితో విప్పింది. నీలి చక్రం కాగితం చిరగకుండా ఊడి వచ్చింది. దాన్ని తెల్లగుడ్డ మీద పరిచింది. మిగిలిన బిళ్ళ అంచున పాత పొర పసుపెక్కి కనిపించింది. పిన్ని చేతిలోది ఇంకా బోర్లానే ఉంది. ఆమె తిప్పలేదు. నాకు అందించింది.

నేను తిప్పాను.

ఒక వారకి ఒరిగిన ముఖం. గడ్డం దగ్గర చిన్న తుప్పుచుక్క. నాకంటే చాలా చిన్నది, ఇరవై కూడా ఉంటాయో ఉండవో. ఫోటో తీసేవాడు ఏదో హాస్యం ఆడినట్టున్నాడు, నవ్వు ఆపుకోవడంలో ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది. కుడికన్ను రవ్వంత కిందికి ఉంది. నా వృత్తి అంతవరకే చెప్పింది. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఎవరీ పిల్ల, అనిపించింది. ఇంత చిన్నపిల్ల మీద ఇన్నేళ్ళు ఇంత బరువు వేశానా అనిపించింది. ఆమెని నేనే ఎత్తుకోవాలనిపించింది.

నాన్న దగ్గరికి పట్టుకెళ్ళాను. కిటికీ వెలుగులోకి తిప్పి తిప్పి చూశాడు.

"ముక్కు ఇలా ఉండేదా?" అన్నాడు.

"మీకే తెలియాలి నాన్నా."

నా పెదవులు చదివాడో లేదో, నా ముఖం చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. "ఇన్నేళ్ళూ నేను గుర్తుపెట్టుకున్నది ఇది కాదు. నీ ముఖమే ఆవిడకి పెట్టుకున్నాను కాబోలు." చిన్నగా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ముఖం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ కదిలింది.

ఏడ్చింది పిన్ని. చప్పుడు లేకుండా, నీలి కాగితం మీద పడకుండా పక్కకి తిరిగి ఏడ్చింది. "ఒక్కసారి తిప్పి చూసుంటే సరిపోయేది," అంది. ఇన్నేళ్ళలో ఆ మాట మొదటిసారి విన్నాను.

నాన్నకి మాటలు వినపడలేదు, భుజాలు కనిపించాయి. లేచి, మర పిడి పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. "చూడకుండా నొక్కమన్నది నేను కదటే!" అని అరిచాడు. ఎంత గట్టిగా అంటున్నాడో ఆయనకి తెలియదు. "నువ్వెందుకు ఏడుస్తావు? పద్ధతి నాది, పెట్టె నాది, మేకు కొట్టింది నేను. ఇన్నాళ్ళూ నీకు తెలుసనుకున్నాను!"

"మీరు చెబితే కదండీ తెలిసేది!" పిన్ని కూడా అరిచింది.

డ్రైవరు గోడవైపు నుంచే అన్నాడు: "నేను తిరగొచ్చా, ఇంకాసేపు ఉండాలా?"

*

అమ్మ బ్యాడ్జీకి పిన్ని కొత్త రింగు వేసింది. నీలి చక్రాన్ని కొత్త రేకు మీద, కొత్త పొర కింద నొక్కింది. రంగు కాస్త తేరుకున్నట్టు కూడా కనిపించింది. డ్రైవరు జేబుకి గుచ్చుకుని, వెళ్ళొస్తానన్నాడు. వెళ్ళబోతూ గోటితో కొట్టుకున్నాడు.

అది సన్నగా, స్పష్టంగా మోగింది.

ఆయన ఆగిపోయాడు. మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. "బానే ఉంది," అన్నాడు. గడప దాటలేదు. "చాలా బాగా చేశారమ్మా. కాకపోతే గొంతు మారింది. అలవాటైపోతుందిలెండి." కొత్త పళ్ళసెట్టు పెట్టుకున్నవాళ్ళు చెప్పే మాట అది. అబద్ధమని చెప్పేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు.

పిన్ని నావైపు చూసింది. నేను లోపలికి వెళ్ళి బీరువా పై అరలోంచి ఒకటి తెచ్చాను. నేను బడిలో చేరిన రోజు తప్పిపోకుండా పిన్ని చేసిపెట్టిన బ్యాడ్జీ. ముందుపళ్ళు రెండూ లేని నా ముఖం, సరిగ్గా మధ్యలో, ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకి జరగకుండా నొక్కింది. పిల్లలందరూ నవ్వారని ఆ సాయంత్రమే తీసి విసిరికొట్టాను. ఆమె ఏరి దాచింది. దాచిందని నాకు తెలుసని అప్పటిదాకా ఆమెకి తెలియదు.

"ఇది పెట్టు పిన్నీ, కింద."

"ఇదా? ఇది నీది కదే."

"అందుకే."

"మీ ముఖం నేను మోసుకుపోవడం ఏమిటమ్మా?" అన్నాడు డ్రైవరు.

"మా అమ్మని మోశారు. నేనంత బరువుండను."

పిన్ని నీలి చక్రాన్ని మళ్ళీ విప్పింది. నా బ్యాడ్జీ వెనక రింగు ఊడదీసింది. అలవాటుగా దాన్ని బోర్లించి మరవైపు జరిపింది. అంతలో ఆమె చెయ్యి ఆగింది. దాన్ని వెల్లకిలా తిప్పింది. బొటనవేలితో తుడిచింది. పళ్ళు లేని ఆ పిల్లని చాలాసేపు, పని పాడైపోయేంత సేపు చూసింది. నాన్న తొందరపెట్టలేదు. తర్వాత ఆ ముఖం మీద నీలి కాగితాన్ని మెల్లగా కప్పి, పిడి మీద చెయ్యి వేసి, నన్ను కూడా వెయ్యమని కళ్ళతో చెప్పింది. ఇద్దరం కలిసి నొక్కాం.

డ్రైవరు గుచ్చుకుని, గుమ్మంలో నిలబడి, గోటితో కొట్టుకున్నాడు.

టప్, టప్.

"ఆ, ఇప్పుడు బండి కదులుతుంది," అన్నాడు.